రోస్కో ఆడవాళ్ళతో తలపడడు

“ఇంకా బిగించు అమ్మాయ్. కాలు లోపల ఆడుతోంది.”

“బిగిస్తాలెండి. ముందు నేనడిగినదానికి జవాబు చెప్పండి.”

“చెప్పేశాగా. ఆడవాళ్ళతో నేను రింగులోకి దిగను.”

టెనెస్సీ కొండల్లో ఒక హైస్కూలు, శనివారం సాయంత్రం. వ్యాయామశాలలో రింగు బిగించి మడత కుర్చీలు వేసేశారు, జనం ఇంకా రాలేదు. గెలిచేదెవరో ఓడేదెవరో ముందే అనుకుని, చూసేవాళ్ళకి నిజమనిపించేలా ఆడే కుస్తీ అది. బట్టలు మార్చుకునే గదిలో, ముసలితనం మీద పడుతున్న రోస్కో బల్ల మీద కూర్చుంటే, ఆయన దగ్గరే కుస్తీ నేర్చుకున్న ట్రూడీ నేల మీద చతికిలబడి ఆయన బూట్ల లేసులు కడుతోంది. నడుం పట్టేసింది, వంగలేనన్నాడు. పాపం అనుకుని కూర్చుంది, పన్లో పనిగా పాత గొడవే మళ్ళీ ఎత్తుకుంది.

“దిగనంటే ఎలా మాస్టారూ? షెరిల్ పెళ్ళి చేసుకుని టెక్సాస్ పోయింది. మన జట్టులో ఇక నేనొక్కదాన్నే ఆడదాన్ని. ఎవరితో ఆడను? నా నీడతోనా?”

“బర్ల్‌ని అడుగు. ఆట నడిపేది వాడు.”

“అడిగాను. రోస్కో సరేనంటే మనిద్దరికీ ఆట వేస్తానన్నాడు. కాదంటే ఇక రావద్దన్నాడు. వారమంతా కోళ్ళ ఫ్యాక్టరీలో కత్తి పట్టుకుని నిలబడేది ఈ ఒక్క సాయంత్రం కోసమే. ఇదీ పోతే నాకు ఆ కోళ్ళే మిగుల్తాయి.”

“ఓటిస్‌తో ఆడరాదూ?”

“వాడు అందరి ముందే అన్నాడు, పెద్దాయన చెయ్యని పని నేను చేస్తే నవ్వుతారని. ఒక్కొక్కడూ మీ వెనకే దాక్కుంటున్నాడు.”

“చూడు పిల్లా. ముందు వరసలో కూర్చునేవాళ్ళని చూశావా? వాళ్ళలో సగంమంది ఇంట్లో పెళ్ళాల మీద చెయ్యి చేసుకునేవాళ్ళే. నేను నిన్ను కొడితే చప్పట్లు కొడతారు. ఆ చప్పట్లు నాకొద్దు.”

“మా నాన్న ఆ వరసలోనే కూర్చునేవాడు. పక్కన మా అమ్మ, కళ్ళ కింద పౌడరు దట్టంగా రాసుకుని. ఒక్కసారైనా ఒక ఆడది లేచి తిరిగి కొట్టడం చూసుంటే ఆవిడ…”

“ఆవిడ?”

“ఏమో. ఏమీ చేసుండేది కాదేమో. కానీ చూసుండేది.”

“బరువు మాటేమిటి? నువ్వెంత, నేనెంత?”

“సాధనలో మిమ్మల్ని ఎత్తి పడేశానా లేదా?”

“నేను ఎగిరితే ఎత్తావు.”

“అందరం అంతేగా. పడేవాడు సాయం చెయ్యకపోతే ఓటిస్ కూడా ఎవర్నీ ఎత్తలేడు. మీరు చెప్పిన పాఠమే. పోనీ, ఆడదాని చేతిలో ఓడిపోవడం నామోషీనా? మీరే గెలవండి. నాకేం పట్టింపు లేదు.”

“గెలుపు గొడవ కాదే.”

“మరేం గొడవ?”

“ఆ కాఫీ ఇటివ్వు.”

“మాట మార్చకండి.”

“ఇవ్వవే తల్లీ.”

“ఇదిగో. అయ్యో, చూసుకోండి, ఒళ్ళో పోసుకుంటున్నారు. రెండు చేతులతో పట్టుకుంటున్నారేంటి చంటిపిల్లాడిలా?”

“వేడిగా ఉంది.”

“ఎప్పుడో చల్లారిపోయింది. సరే, ఒక్క మాట వినండి, ఆ తర్వాత మీ ఇష్టం. పైకెత్తినవాడి చేతిలో పైనున్న మనిషి మెడ ఉంటుందని మొదటిరోజే చెప్పారు. వీళ్ళందర్లోకీ నా మెడ నమ్మి అప్పజెప్పగలిగింది మీ చేతికే. మిగతావాళ్ళు రమ్మన్నా నేను ఎక్కను. మీరు కాదంటే నాకింకెవరూ లేరు.”

“ఎత్తడం తప్పదా?”

“నాలాంటి బక్కదాన్ని ఎత్తకపోతే జనం ఊరుకుంటారా? కుర్చీలు విసురుతారు.”

“ఒక్కసారేగా?”

“ఒక్కసారే. భుజాల మీద అడ్డంగా, గొర్రెపిల్లని మోసినట్టు.”

“సరే.”

“ఏంటీ?”

“సరే అన్నాను. మళ్ళీ అడిగావంటే కాదంటాను.”

“అడగను. అడగనే అడగను. మాస్టారూ, నాకు ఏడుపొచ్చేస్తోంది.”

“ఏడుపు తర్వాత. లేసు కట్టు.”

“ఒక కాలు అయింది. రెండోది ఆగండి, ముందు పట్టు చూసుకుందాం. నేను మీ వెనక నుంచి చెయ్యి ఇస్తాను. తల తిప్పకండి, రింగులోనూ మీకు కనబడదుగా.”

“ఊఁ.”

“పట్టుకోండి.”

“పట్టుకున్నాను.”

“గట్టిగా.”

“ఇదిగో.”

“ఇంకా గట్టిగా.”

“ఇంతకన్నా బిగిస్తే నీ మణికట్టు విరుగుతుందే.”

“మాస్టారూ.”

“ఏంటి?”

“మీరు పట్టుకున్నది నా చెయ్యి కాదు, మీ భుజం మీది తువ్వాలు.”

“తువ్వాలా?”

“ఎప్పట్నుంచి?”

“వేసవి నుంచి. మెడలో నరం నొక్కుకుపోయిందన్నారు. ముందు వేళ్ళు పోయాయి, తర్వాత అరచెయ్యి. ఎడమది కూడా మొదలైంది.”

“అందుకా నా చేత లేసులు కట్టించుకునేది. నడుమని చెప్పి.”

“అందుకే.”

“మరి ఇవాళ ఓటిస్‌తో ఎలా దిగుతారు?”

“వాణ్ణి ఎత్తమని నన్నెవరడుగుతారు, అంత లావు మనిషిని? వాడే నన్ను ఎత్తుతాడు. నేను పడతాను. పడటం ఇంకా వచ్చు నాకు.”

“మెడ అలా ఉంటే పడకూడదు కదా.”

“కూడదు.”

“ఇంత దాచుకుని, ముందు వరసా, పెళ్ళాలూ, చప్పట్లూ అని నాకు కబుర్లు చెప్పారా?”

“ఆడవాళ్ళతో దిగనంటే ఎవరూ రెండోమాట అడగరు ట్రూడీ. పెద్దమనిషి అంటారు. చేతులు పడిపోయాయంటే ఈ పూటే ఇంటికి పంపేస్తారు. ఇంట్లో ఏముంది నాకు?”

“మరి సరే అని ఎందుకన్నారు?”

“నువ్వు అడిగిన తీరు చూస్తే, ఈ చెయ్యి పట్టుకుంటుందేమో అనిపించింది. బర్ల్‌కి చెప్తావా?”

“చెప్పొద్దా?”

“చెప్పాలి. న్యాయం అదే. కానీ చెప్పినా నీకు ఆట రాదే. నన్ను పంపేసి, నిన్నూ పొమ్మంటాడు.”

“నాకు తెలీదా ఏంటి.”

“రోస్కో, ట్రూడీ, లోపలికి రావచ్చా? నేను బర్ల్‌ని.”

“రా బర్ల్.”

“జనం లోపలికి వస్తున్నారు. మీ ఇద్దరి పంచాయితీ ఏం తేలింది? ముసలాయన కాదన్నాడా?”

“లేదు. ఒప్పుకున్నారు.”

“రోస్కోనా? ఒప్పుకున్నాడా?”

“ఒప్పుకున్నారు. నేనే వద్దన్నాను.”

“నువ్వా? నెల్లాళ్ళుగా నా ప్రాణం తోడేస్తున్నది నువ్వే కదే?”

“ఇప్పుడే పట్టు చూశాం. ఆయన పట్టుకుంటే నా మణికట్టు విరిగిపోతుందనిపించింది. మగాడి బలం మగాడిదే బర్ల్. భయమేసింది.”

“నేను మొదట్నుంచీ మొత్తుకోలేదూ? ఇంకే ఆడపిల్ల వచ్చి మగాళ్ళతో ఆడతానన్నా నీ పేరే చెప్తాను. ట్రూడీ అంతటిదే భయపడి మానుకుందని.”

“చెప్పు.”

“ఇక నువ్వు వచ్చే శనివారం నుంచి…”

“రాను. తెలుసు.”

“మంచిది. రోస్కో, త్వరగా కానివ్వు. ఓటిస్ తయారుగా ఉన్నాడు.”

“వచ్చేస్తారు. నువ్వు పద, ఆ తలుపు వేసి వెళ్ళు.”

“ట్రూడీ. అమ్మాయ్, నువ్వు…”

“ఏం మాట్లాడకండి మాస్టారూ. ఆ రెండో కాలు ఇటు పెట్టండి.”