మిద్దెక్కిన గంగమ్మ

కుమ్మరి తిరుపాలమ్మకు ఒకటే కూతురు, పేరు చెన్నమ్మ. ఆ కూతుర్ని వంకకు అవతల దిగువపల్లెలో ఇచ్చినారంట. ఎంత దూరమనుకున్యారు? ఈడ నిలబడి గట్టిగా కేకేస్తే ఆడ కుక్క మొరుగుతాది, అంతే దూరం. కానీ నడమ వంక ఉంది సూడు, వానొస్తే అది వాగు కాదనుకో, యముని వాకిలి. మొగుడు లారీ మీద పోతాడు, ఎప్పుడో ఒకసారి ఇంటికొస్తాడు. ఈ చెన్నమ్మ టౌన్లో గుడ్డలు కుట్టే షెడ్డుకు పనికి పోతాది. ఒక్క చెన్నమ్మేనా, అవతలి పల్లెల్లో ఆడోళ్ళు సగం మంది ఆ షెడ్డుకే. పొద్దున రైలు మన ఎర్రమడుగు స్టేషన్లో ఆగుతాది, ఆ రైలు తప్పితే ఆ పొద్దు కూలి లేదు. అందుకని కోడి కూయకముందే లేసి, సద్దిగిన్నె నెత్తిన పెట్టుకోని, ఒకరి చెయ్యి ఒకరు పట్టుకోని వంక దాటి వస్తారంట. ఒకనాడు ఏమైందంటే, పైన యాడో వాన పడింది, ఈళ్ళకు తెలీదు. నడిమికి వచ్చేతలికి నీళ్ళు దూకినాయి, చెన్నమ్మ కాలు జారింది. కొట్టుకోని పోతా ఉంటే కానుగ కొమ్మ చేతికి దొరికిందంట, దాన్ని పట్టుకోని గట్టెక్కింది. గట్టెక్కి ఏం చేసిందనుకున్యారు? ఏడ్సిందా? ఇంటికి పాయనా? లేదు. తడి చీర పిండుకోని రైలెక్కి పనికి పాయ! సాయంత్రం దిగి వాళ్ళమ్మ కాడికి వచ్చి, మ్మా, సద్దిగిన్నె పాయ గదమ్మా, అన్నిందంట. గిన్నె పోయిందని బాధపడతాది పిచ్చిది.  తిరుపాలమ్మ కూతురి చెయ్యి పట్టుకోని, ఇంక నువ్వు వంకలో దిగే పని లేదు, నా కాడనే ఉండు, నీతో పనికొచ్చే ఆడపిల్లోళ్ళు కూడా ఉండనీ, అనింది.

అనింది సరే, యాడ పెట్టుకుంటాది? ఆమె ఇల్లు స్టేషన్ వీధిలోనే, కూత ఇనపడినాక లేసి పోయినా రైలు దొరుకుతాది, అంత దగ్గర. కానీ ఇల్లంటే పైన మిద్దె, కింద ఒకటే గది. అందులో సగం కుండలు, సగం మట్టి, మిగిలిన దాంట్లో ఆమె పండుకుంటే కాళ్ళు గడప దాటుతాయి. వీధిలో అందరి ఇండ్లూ అట్లనే. బాడుగకు ఒక గది కావాలంటే దేవుడు దిగొచ్చినా దొరకదు. ఇటు పట్టాలు, అటు చెరువు, పక్కకు పెరిగేదానికి జాగా లేదు. మరి పైకి కట్టుకోవచ్చు గదా అంటావు. ఆఁ, ఆడనే ఉంది మెలిక. ఎర్రమడుగులో గంగమ్మ గుడి ఉంది గదా, ఆ గుడి కంటే ఎత్తు ఇల్లు ఎవురూ కట్టగూడదు. తాతల నాటి కట్టుబాటు. గుడేమో ఇంత, నిలబడి చెయ్యెత్తితే కలశం తగులుతాది. ఆ కట్టుబాటు ఎంత గట్టిదంటే, మొదట రైలొచ్చినప్పుడు స్టేషన్ కాడ సిగ్నల్ స్తంభం నాటినారంట, అది అమ్మ కంటే ఎత్తయిందని ఊరు ఊరంతా పట్టాల మీద కూసున్నింది. తెల్లదొర దిక్కులు సూస్తా ఉన్యాడు. కడాకు మన పెద్దోళ్ళే ఆ స్తంభానికి పసుపు పూసి, వేపమండలు కట్టి, ఇది సిగ్నల్ కాదు, అమ్మ ధ్వజం, అని తీర్పు చెప్పి లేసినారు. నవ్వుతారేందప్పా, ఇంకో ఊరోళ్ళకు ఆ తెలివి వస్తాదా?

అట్లుండగా మున్సిపాలిటీ నుంచి ప్లాను సారని ఒకాయన వచ్చినాడు, చంకలో పటం చుట్ట పెట్టుకోని. చావిడి కాడ ఊరంతా కూడినారు. ఆయన పటం పరిచి, ఇంతవరకు స్టేషన్ చుట్టుపక్కల ఒక అంతస్తే అని మా రూలులో కూడా ఉండేది, ఇప్పుడు మారుస్తా ఉండాం, మూడంతస్తుల దాకా కట్టుకోవచ్చు, రైలుకు పోయేవాళ్ళు రైలు పక్కనే ఉంటారు, కానీ ఊరు ఒప్పుకుంటేనే, అన్యాడు. అయిపాయ, తేనెతుట్టె మీద రాయి పడినట్టే. టీ అంగడి కాశన్నకు సంతోషం, జనం పెరిగితే టీ పెరుగుతాది. ఎదురింటి సాలమ్మ లేసి, పక్కింటోడు పైకి కడితే నా మిద్దె మీద నీడ పడతాది, నా మిరపకాయలు యాడ ఆరబెట్టుకోవాల, నీ పటం మీదనా, అని అడిగింది. ఇంకొకాయన, ఉండే ఒక్క బోరుకే బిందెలతో కొట్టుకుంటా ఉండాం, ఇంత జనమొస్తే నీళ్ళెవరిస్తారు, అన్యాడు. అదీ న్యాయమే గదా. సారు, ట్యాంకు కట్టిస్తామయ్యా, కాగితం మీద రాసిస్తా, అన్యాడు.

అప్పుడు లేసినాడు మద్దిలేటి రెడ్డి. చెడ్డోడు కాదు, ముందే చెప్తా ఉండా. ఎండాకాలం చలివేంద్రం పెట్టేది ఆయనే. జాతరలో అమ్మకు మొదటి చీర పెట్టేది ఆ ఇల్లే. ఊరంటే ఆయనకు ప్రాణం, కాకపోతే ఆ ప్రాణం కొంచెం బిరుసు. సారూ, నీళ్ళు, మిరపకాయలు తర్వాత మాట, మా ఊర్లో అమ్మ కంటే ఎత్తున మనిషి పండుకోడు, సుట్టుపక్కల ఏ ఊరికీ లేని కట్టుబాటు ఇది, మా పరువు ఇది, అన్యాడు.  తిరుపాలమ్మ లేసింది. మరి సిగ్నల్ స్తంభం ఎత్తే గదా నాయనా, అనింది. అది అమ్మ ధ్వజం అక్కా, పసుపు పూసినాం గదా, అన్యాడు రెడ్డి. అట్లయితే నా మిద్దెకూ పూస్తాలే పసుపు! జనం పక్కున నవ్వినారు. రెడ్డి నవ్వల్యా. ధ్వజం మీద మనిషి పండుకోడు తిరుపాలక్కా, నీ మిద్దె మీద పండుకుంటారు, అమ్మ నెత్తిన కాళ్ళు పెట్టినట్టు గదా అది, నువ్వే చెప్పు, అన్యాడు. తిరుపాలమ్మ కూలబడింది. సారు, సరే, జాతర అయినాక మళ్ళొస్తా, ఊరంతా ఒక మాట అనుకోండి, అని పటం చుట్టుకోని పాయ. తిరుపాలమ్మకు ఇంటికి పోతా ఉంటే కండ్లల్లో నీళ్ళు తిరిగినాయంట. నా బిడ్డ వంకలో కొట్టుకోని పోతే అమ్మకు సంతోషమా, అని తనలో తానే అనుకుంటా పోయింది.

ఇప్పుడు మీకొక సంగతి చెప్పాల. జాతరలో అమ్మ కూసునే కుండ, ఆ గంగమ్మ ఘటం ఎవురు చేస్తారు? కుమ్మరోళ్ళు. ఎవురింట్లో మట్టి తొక్కి, ఎవురి చేతుల్లో రూపం తీస్తే, ఆ ఇల్లే అమ్మకు పుట్టినిల్లు. ఎర్రమడుగు గంగమ్మకు తిరుపాలమ్మ ఇల్లు పుట్టినిల్లు. ఏడాది పొడుగునా గుడిలో ఉండే తల్లి, జాతర ముందర పొద్దుగూకే యాళకు ఈ ఇంటికొచ్చి, ఒక నిద్ర చేసి, అన్నం తిని, మర్నాడు ఒడిబియ్యం పోయించుకోని పోతాది. ఆ ఒక్క నిద్రకు ఆమె అమ్మవారు కాదు, పుట్టింటికొచ్చిన ఆడబిడ్డ. తిరుపాలమ్మ యాడ కూసోమంటే ఆడ కూసోవాల, ఏం పెడితే అది తినాల. పూజారైనా, రెడ్డైనా, పుట్టింటి గడప కాడ నోరెత్తేదానికి లేదు. అదీ తాతల నాటి కట్టుబాటే!

జాతర వచ్చె. దానెంబడే వానా వచ్చె. వంక నిండుగా పారతా ఉంది. షెడ్డోళ్ళకు మన జాతరతో ఏం పని, సెలవు లేదు. తిరుపాలమ్మ కూతురితో, ఈ మాపు ఎవురూ వంక దాటొద్దు, రైలు దిగినోళ్ళు దిగినట్టు నా ఇంటికి రాండి, అని కబురు చేసింది. వచ్చినారు. కుండల నడమ ఒకరు, మట్టి ముద్దల పక్కన ఒకరు, ఇల్లు చీమ దూరే సందు లేకుండా నిండిపాయ. అదే యాళకు డప్పులు కొట్టుకుంటా అమ్మ వచ్చింది, పూజారి పుల్లన్న నెత్తిన ఘటం, పైన గొడుగు. తిరుపాలమ్మ గడపలో నిలబడి కాళ్ళకు నీళ్ళు పోసి, హారతి ఇచ్చి, పుల్లన్నా, కింద చోటు లేదు నాయనా, నా బిడ్డను పైన కూసోబెడతా, అనింది. పైనంటే? అందరూ తలెత్తి సూస్తే మిద్దె మీద ఈతాకుల పందిరి, చుట్టూ వేపమండలు, ముగ్గు కూడా వేసి ఉంది. గోడకు నిచ్చెన. పుల్లన్న ఘటం గట్టిగా పట్టుకోని, ఇదేంది తిరుపాలమ్మా, ఎప్పుడన్నా ఉన్నిందా ఇట్ల, అన్యాడు. మద్దిలేటి రెడ్డి ముందుకొచ్చి, అక్కా, ఆ పిల్లోళ్ళను బయటికి పంపి అమ్మకు చోటు చెయ్యి, అన్యాడు. అప్పుడు తిరుపాలమ్మ అనింది గదా, ఇనండి: బయట వంక పారతా ఉంది. ఒక ఆడబిడ్డను వంకలోకి తోసి ఇంకొక ఆడబిడ్డకు చాప పరిచే తల్లి ఉంటాదా నాయనా? నా ఇంట్లో ఇద్దరికీ చోటుండాల. కింద లేదు, పైన ఉంది. కాదంటావా, పుట్టింటి గడప కాడి నుంచి అమ్మను వెనక్కి తిప్పుకోని పో, అనింది. తిప్పుకోని పోతాడా? పోతే ఊరు బతుకుతాదా? రెడ్డి ఆమెను సూసినాడు, ఘటాన్ని సూసినాడు, పక్కకు జరిగినాడు. పుల్లన్నను ఎనక నలుగురు పట్టుకుంటే, గంగమ్మ తల్లి మిద్దెక్కింది. డప్పులోళ్ళు ఒక్క దెబ్బ కొట్టినారు సూడు, వీధి దద్దరిల్లింది.

పొద్దు పొడిచే యాళకు రెడ్డి మొదటి చీర పెట్టాల గదా, అమ్మ యాడుంటే ఆడికే పోవాల. మనిషి కొంచెం భారీ. నిచ్చెన కిర్రుకిర్రుమంటా ఉంది, కింద నలుగురు పట్టుకున్యారు, పైన పుల్లన్న చెయ్యి అందించినాడు. పైకి పోయి నడుం సాపగానే పుల్లన్న, వంగు రెడ్డీ, వంగు, అమ్మ కంటే ఎత్తయితా ఉండావు, అన్యాడంట. పాపం, వంగి వంగి పోయి, చీర పెట్టి, దండం పెట్టి, ఆడనే గొంతుకూసున్యాడు. కూసోని ఇట్ల సూసినాడు. పుట్టి బుద్దెరిగినాక ఊరిని అంత ఎత్తు నుంచి సూడల్యా ఆయన. గుడి, చెరువు, చలివేంద్రం, అన్ని ఇండ్ల మిద్దెలూ వరసగా. ఇంత పెద్దదా మా ఊరు, అని ఛాతీ పొంగిందంట. ఆ సూపు అట్లనే పోయి వంక మీద పడింది. ఎగువ పల్లెల ఆడోళ్ళు, వాళ్ళకు కబురు అందల్యా, ఎదురొమ్ము లోతు నీళ్ళల్లో చెయ్యీ చెయ్యీ పట్టుకోని దాటతా ఉన్యారు. ఒకామె నెత్తిన సద్దిగిన్నెలన్నీ ఒకే గంపలో. కూత పడింది. గట్టెక్కినోళ్ళు ఎక్కినట్టు తడి చీరలతో పరుగు. రెడ్డి, ఎవురు వీళ్ళు, అని అడిగినాడు. నీ ఊరి రైలెక్కేటోళ్ళు, అనింది ఘటం పక్కన కూసున్న తిరుపాలమ్మ. దినామూ ఇట్లేనా? దినామూ ఇట్లే నాయనా, నువ్వు లేసే యాళకు రైలు పోయింటాది. ఆ మాటకు రెడ్డి మొగం సిన్నబోయింది.  తర్వాత, నా ఊరికి వచ్చే ఆడోళ్ళు ఇట్ల రావడమా, అన్యాడు. కోపంగా అన్యాడు, కానీ ఆ కోపం ఎవురి మీదో ఆయనకే తెలియాల.

పొద్దెక్కినాక అమ్మ బయలుదేరే యాళ. తిరుపాలమ్మ ఒడిబియ్యం పోసింది. పసుపు కలిపిన బియ్యం, ఎండు కొబ్బరి, ఖర్జూరాలు, తమలపాకులు, కొత్త రవిక గుడ్డలో మూట కట్టి ఘటం కాడ పెట్టింది. ఆ పొద్దు పనికి పోనియ్యకుండా ఆపినాది చెన్నమ్మను. చెన్నమ్మ పక్కన నిలబడి ఉంది. పేరంటాళ్ళు, కూతురికి కూడా ఒడి నింపు తిరుపాలక్కా, ఎట్లా ఈడనే ఉంది గదా, అన్యారు. తిరుపాలమ్మ బియ్యం చాట కింద పెట్టేసింది. ఒడి నింపితే పంపియ్యాల గదమ్మా, అనింది. గంగమ్మను పంపిస్తా ఉండా, ఆమెకు గుడి ఉంది. దీన్ని పంపను. ఇది ఈడనే ఉంటాది. అనేతలికి చెన్నమ్మ తల్లి భుజం మీద తల పెట్టి ఏడ్సిందంట, వంకలో పోయినప్పుడు ఏడ్వని పిల్ల! పేరంటాళ్ళకు కూడా కన్నీళ్ళు ఆగల్యా. రెడ్డి ఎక్కడో దూరంగా గొడుగు పట్టుకున్న మనిషిని వట్టిగనే తిడతా ఉన్యాడు.

జాతర అయినాక ప్లాను సారు వచ్చె, పటం పరిచె, ఏమనుకున్యారు అని అడిగె. పుల్లన్న లేసి, అమ్మ మిద్దె మీద నిద్ర చేసింది సారూ, ఇప్పుడు అమ్మ ఎత్తు అదే, అన్యాడు. ఎవుడో, మరి మూడో అంతస్తు సంగతి, అన్యాడు. తిరుపాలమ్మ, వచ్చే ఏడు ఇంకో మెట్టు ఎక్కిస్తాలే, నా బిడ్డకు కాళ్ళున్నాయి, అనింది. అందరూ రెడ్డి దిక్కు సూసినారు. ఆయన గొంతు సవరించుకోని, మా ఊరు ఒప్పుకుంటాది, కానీ కొన్ని షరతులు రాసుకో సారూ, అన్యాడు. పై గదులు మొదట రైలుకు పోయే ఆడోళ్ళకే ఇయ్యాల. నీళ్ళ ట్యాంకు మొదలు, ఇటుక తర్వాత. సాలమ్మ మిరపకాయలకు పై మిద్దె మీద చోటుండాల. ఇంకొకటి, అమ్మ రేపు ఏ మేడెక్కుతాదో, ప్రతి మేడకూ మెట్లు ఇంటి బయట పక్కే ఉండాల, అమ్మ గొడుగు గోడకు తగలకుండా తిరిగేంత వెడల్పుండాల, నిచ్చెన ఎక్కి నా నడుం పోయింది. సారు మూడూ రాసుకోని, నాలుగో దాని కాడ కలం ఆపి, ఇట్లాంటి షరతు యాడా సూడలేదయ్యా, అన్యాడు. యాడా ఉండదు, ఇది ఎర్రమడుగు, అన్యాడు రెడ్డి.

మొదటి మేడ తిరుపాలమ్మదే లేసింది, ఊరోళ్ళే తలా ఒక చెయ్యి వేసినారు, రెడ్డి బండ్లు రాయి తోలినాయి. చెన్నమ్మ, ఆ పిల్లోళ్ళు ఇప్పుడు కూత ఇన్నాక తల దువ్వుకోని దిగుతారు. మీరు కూడా ఎప్పుడన్నా ఆ రైల్లో పోతే కిటికీ పక్కన కూసోని సూడండి. స్టేషన్ చుట్టూ మేడలే మేడలు, ప్రతి మేడకూ బయట పక్క ఇంత వెడల్పు మెట్లు. టౌన్ నుంచి వచ్చే మేస్త్రీలు నవ్వుతారంట, ఇదేందప్పా, ఇరుకు గది, ఏనుగు దిగే మెట్లు, అని. నవ్వనీ. ఏ గడప కాడనైనా అడిగి సూడు, ఆ ఇంటామె చెయ్యి నడుం మీద పెట్టుకోని ఒకటే మాట చెప్తాది. మెట్లు మాకు కాదు సామీ, మా ఆడబిడ్డ వస్తాది, అని. అంతే. ఇంక లేయండి, నాకూ రైలుకు యాళైతా ఉంది.