తొట్టికి రవికగుడ్డ కట్టిన షావుకారు

“నాయనమ్మా, భయమేస్తే ఈ పని నేను చెయ్యనని చెప్పొచ్చా?”

చెప్పొచ్చా ఏంట్రా, నోరుంది ఎందుకు! తొంభైల్లో మాట. పేట అవతల చిన్న సిమెంటు ఫ్యాక్టరీ ఉండేది. నేనూ మీ తాతా అందులోనే కూలికి పోయేవాళ్ళం. నాకు కూలి తక్కువిచ్చేవాడు షావుకారు, ఆడదాని చేతులకి సిమెంటు తక్కువంటుద్దనుకున్నాడేమో. సరేలే, ఏం చెబుతున్నా? ఆఁ, తొట్టి.

సిమెంటు పోసే పెద్ద టాంకీ, మూడు మేడలెత్తు. లోపల గడ్డకడితే పైనుంచి పొడవాలి. అందుకని ఇనప తొట్టిలో మనిషిని నిలబెట్టి మోటారేసి ఇనప వైరుతో పైకి లాగేవాళ్ళు. ఆ తొట్టి వైరు పోగులు పోగులుగా ఊడిపోయింది. మీ తాత ఎక్కనన్నాడు. అంటే, అనలా, ఊరికే నిలబడ్డాడు. ఆయనకి నోరెక్కడిది? ఇంట్లో మీ నాన్నతో కలిపి ముగ్గురు పిల్లలు. ఈ మనిషికేమన్నా అయితే నా గతేంటని నా భయం.

షావుకారేమో, “కొత్త వైరెందుకు, దిష్టి తగిలింది, పూజ చేయిద్దాం” అన్నాడు. శుక్రవారం పంతులుగారొచ్చాడు. నందిగామ నుంచి షావుకారు వాళ్ళమ్మగారూ కార్లో దిగింది. తొట్టికి పసుపు రాసి, బొట్లు పెట్టి, దండేసి, రవికగుడ్డ కట్టారురా! షావుకారు వాళ్ళమ్మచేత మొక్కించి, తనూ “అమ్మా, తల్లీ” అని సాష్టాంగపడ్డాడు. లేచి బొజ్జ దులుపుకుని, “ఊఁ, ఇక ఎక్కరా” అన్నాడు మీ తాతని.

నాకు ఒళ్ళు మండింది. “అయ్యా, ఇప్పుడేగా తల్లీ అని మొక్కారు? ఆ తల్లి మీద మా ఆయన కాళ్ళెట్టాలా? కళ్ళు పోవూ?” అన్నా.

అమ్మగారు గుండెలు బాదుకుంది. “ఒరేయ్, అమ్మవారిని తొక్కిస్తావట్రా!”

“అది తొట్టే అమ్మా!”

“మరి నాచేత ఎందుకు మొక్కించావు?”

పంతులుగారు మెల్లగా, “ఉద్వాసన చెబితే అమ్మవారు వెళ్ళిపోయి మళ్ళీ తొట్టే అవుతుందండి” అన్నాడు. షావుకారు మొహం వెలిగింది. “చెప్పండి, చెప్పండి!” అన్నాడు.

“కానీ పూజాఫలం కూడా పోతుందండి.”

ఇంకేముంది, దిష్టి మళ్ళీ మొదటికొచ్చినట్టే! చివరికి అమ్మగారే, అమ్మవారిని ఇంటికి తీసుకుపోదాం, ఎత్తి ట్రాక్టర్లో పెట్టండంది. మోటారేశారు. తొట్టి మనిషెత్తు లేచిందో లేదో, వైరు ఫట్‌మని తెగింది. కింద పడి సొట్టపోయింది.

నేను పకపకా నవ్వానంట. నాకు గుర్తులేదు. మీ తాత చెయ్యి పట్టుకుని ఏడ్చింది మాత్రం గుర్తుంది. ఖాళీ తొట్టిరా అది! పూలదండా, రవికగుడ్డా, ఆ మాత్రం బరువుకే.

సోమవారానికి కొత్త వైరొచ్చింది... నువ్వూ చెయ్యనని చెప్పెయ్యరా నాయనా. ఏమన్నా అంటే మా నాయనమ్మ వద్దందని చెప్పు. కాళ్ళూ చేతులూ సల్లంగా, నిండు నూరేళ్ళు బతుకు.