మాణిక్ నడుముకు ఎడ్ల గజ్జెలు

"...గందుకే జెప్తున్న, ఈరయ్య గెల్సిండంటె గది నా నడుముకు కట్టిన గజ్జెల పుణ్యం!"

ఈరయ్య కట్టెతోని తడుముకుంట మహాదేవప్ప చాయ్ హోటల్ల అడుగువెట్టేసరికి మాటలు గీడిదాంక ఒచ్చినయ్. జెప్తున్నోడు మాణిక్. రోడ్డు దిక్కు మొకంబెట్టి కూసున్నడు, ఎనుక ఎవలొచ్చిన్రో సూడలే. మహాదేవప్ప సప్పుడు జేయకుంట ఈరయ్యను బల్లమీద కూసోవెట్టి చేతికి చాయ్ గిలాస అందిచ్చిండు.

ఈరయ్యకు సూపు లేదు. ముందల ఒకలు ఎడ్ల గజ్జెలు నడుముకు కట్టుకొని ఉరుకుతె, ఆ సప్పుడు ఎంబడివడి పదిహేను వందల మీటర్లు ఉరుకుతడు. మొదటిసంది గజ్జెలు కట్టింది దోస్తు సంగయ్యనే, ఒక్క పందెం తప్పలే. మొన్న సంగయ్య బండి మీదికెళ్లి పడి కాలు ఇరగ్గొట్టుకున్నడు. ఐతారం హైదరాబాద్‌ల సూపులేనోళ్ల పందెం. గజ్జెలు కట్టే మనిషి దొరక్కుంటె ఈరయ్య ఇంట్ల కూసునుడే. ఆ మనిషిని ఎతుక్కుంటనే ఒచ్చిండు. గజ్జెలు మోగకుంట తువ్వాలల సుట్టి సంచిల ఏసుకున్నడు.

"పోయినేడు, ఎనభై మూడుల, సంగయ్యకు జరమొచ్చె," మాణిక్ అందుకున్నడు. "ఈరయ్య నా చెయ్యి వట్కొని 'మాణిక్ అన్నా, నువ్వే దిక్కు' అన్నడు. సరె తియ్ అని కట్టుకున్న. మొదలు మెల్లగనే ఉరికిన. జర జోరు వెంచిన. ఆ తర్వాత ఏమైందో ఎరికేనా?"

"పడ్డవా?" అన్నది గుడాలమ్మే హనుమమ్మ.

"పడుడా! గ్రౌండు గోడవతల రైలు వోతుండె, దాన్ని దాటిన. డ్రైవర్ కిందికి దిగి సలాం కొట్టిండు."

"ఉరుకుతున్న రైల్లకెళ్లి దిగిండా?"

"నేను దాటిపోతుంటె పాపం, రైలు ఆగిందనుకున్నడు!"

హోటలంత నవ్వుడే. ఈరయ్య చాయ్ సల్లారుతుంది. మొదలు కోపమొచ్చింది గని, ఇంటాంటె కాళ్లు బల్లకింద ఊకుంటలెవ్వు, ఉరుకుతున్నట్టె ఆడుతున్నయ్.

"ఆఖరి సుట్టుల సూడుండ్రి, గజ్జెల సప్పుడు నాతోని ఉరకలేక ఎనుక వడ్డది! నేను ముందల, సప్పుడు ఎన్కకెళ్లి 'అయ్యా, జర ఆగు' అని మొక్కుతుంది. ఈరయ్య ఆ సప్పుడెంబడి వడి అందర్ని దాటిండు. నేను గీత దాటి, బస్సెక్కి, జహీరాబాద్‌ల దిగి, గీ బల్లమీద చాయ్ తాగుతుంటె అప్పుడొచ్చి చేరింది సప్పుడు! మహాదేవప్పా, ఇన్నవా లేదా?"

"ఇన్న, ఇన్న. ఎద్దొచ్చిందని గడ్డి వట్కొని బయటికి ఉరికిన."

ఈరయ్య ఒక్కటి గమనించిండు. గింత కథ జెప్పినా మాణిక్ మద్దెల ఒక్కపారి గూడ ఊపిరి తీసుకున్న సప్పుడు గాలే. సంగయ్యకు గూడ గంత దమ్ము లేదు. మెల్లగ సంచిల చెయ్యివెట్టి తువ్వాల ఇప్పిండు.

గల్లుమన్నయ్ గజ్జెలు.

మాణిక్ తిరిగి సూడలేకపోయిండు.

"అగో మాణిక్, సప్పుడు మల్లొచ్చింది!" అన్నది హనుమమ్మ.

ఈరయ్య లేసిండు, బల్లలు తడుముకుంట ఒచ్చి గజ్జెలు మాణిక్ ఒళ్లె ఏసిండు.

"నాతోని ఉరికినోళ్ల కాళ్ల సప్పుడు నేను మర్వ. నీ కాళ్ల సప్పుడు ఎన్నడు ఇనలే, మాణిక్ అన్నా. లే, కట్టుకో, ఇప్పుడినిపియ్."