సరిహద్దు మీద ఆగిన బస్సు

డిపో ఎదురుగా ఉన్న టీ బంకు దగ్గరికి షిఫ్టు దిగినవాళ్ళు వచ్చేసరికే బాకా బాబాయి బెంచీ చివర కాలు మీద కాలేసుకుని కూర్చుని ఉంటాడు. ఒకప్పుడు డ్రైవరు, ఇప్పుడు రిటైరయ్యాడు. బంకు ఆయన భార్యది. అందరికీ ఆవిడ పిన్ని. ఆవిడ గ్లాసులు కడుగుతూ ఉంటుంది, ఆయన కోతలు కోస్తూ ఉంటాడు. ఏళ్ళ తరబడి ఒకరి పనికి ఒకరు అడ్డం రాలేదు.

ఆ సాయంత్రం పంతులమ్మ కూడా వచ్చి కూర్చుంది. ఊళ్ళో అంతర్జాతీయ యువజన సమ్మేళనం. దేశదేశాల పిల్లలు వచ్చి తలో ఇంట్లో వారం రోజులుండి, ఒకరి పద్ధతులు ఒకరు తెలుసుకుని వెళ్ళాలని ఏర్పాటు. అందరికీ ఇళ్ళు కుదిరాయి, ఒక్క పిల్లకి తప్ప. ఆ పిల్లది సరిహద్దు అవతలి దేశం, మొన్నమొన్నటిదాకా యుద్ధం చేసిన దేశం. రాత్రిలోగా ఇల్లు దొరక్కపోతే పొద్దున్నే వెనక్కి పంపేస్తామన్నారు పైవాళ్ళు. మధ్యాహ్నం నుంచి తలుపులు తట్టి తట్టి పంతులమ్మ కాళ్ళు పీకేస్తున్నాయి. పిల్లేమో స్కూలు ఆఫీసు గదిలో బ్యాగు ఒళ్ళో పెట్టుకుని కూర్చుంది. పంతులమ్మ టీ గ్లాసు చేత్తో పట్టుకుని ఇంకా ఏ వీధి మిగిలిందా అని లెక్కేసుకుంటోంది.

సమ్మేళనం మాట బాబాయి చెవిన పడింది. ఇంకేముంది.

"ఇప్పటివీ ఒక సమ్మేళనాలేనా అమ్మా. మా రోజుల్లో జరిగింది చూడాలి. పిల్లల బస్సు తోలింది నేనే. గొప్ప చెప్పుకోకూడదు గానీ, మొదట్లో నేను చేసింది ఏమంత పెద్ద పని కాదు. మన పిల్లలూ, సరిహద్దు అవతలి దేశం పిల్లలూ కిటికీ సీటు కోసం జుట్లు పట్టుకున్నారు. నేను వెనక్కి తిరిగి ఒక్క చూపు చూశాను. అంతే, కిటికీ పక్కన కూర్చోవడానికి ఒక్కడూ లేడు, నువ్వు కూర్చో అంటే నువ్వు కూర్చో అని మళ్ళీ కొట్టుకున్నారు, ఈసారి మర్యాద కోసం."

"చూపుకే?" అన్నాడు మెకానిక్కు.

"చూపుకే. ఆ తర్వాత ఏమైందో తెలుసా? బస్సు సరిగ్గా సరిహద్దు మీద ఆగిపోయింది. ముందు చక్రాలు ఆ దేశంలో, వెనక చక్రాలు మన దేశంలో, నా సీటు మాత్రం ఎవరిదీ కాదు. రెండు వైపులా సైన్యం వచ్చేసింది. నేను దిగి, బాబూ, కాస్త తోయండి అన్నాను. వాళ్ళు అటునుంచి తోశారు, వీళ్ళు ఇటునుంచి తోశారు, రెండూ వీరజాతులే కదా, ఎవరూ తగ్గరు. బస్సు ముందుకీ పోలేదు, వెనక్కీ పోలేదు, ఇక పోవడానికి దారేముంది, పైకి లేచింది."

కండక్టరు టీ పొలమారి దగ్గాడు. "పైకా?"

"మబ్బుల దాకా."

"మరి డీజిలు?" అన్నాడు మెకానిక్కు.

"గాల్లో డీజిలెందుకయ్యా, న్యూట్రల్‌లో పెట్టాను. ఇంజను తప్ప ఇంకేమీ తెలియని మనిషివి, మధ్యలో అడ్డం రాకు. దిగుదామని కిందికి చూస్తే గీత కనబడదే. ఏ దేశంలో దిగినా రెండోవాళ్ళకి కోపం. మూడు రోజులు పైనే తిప్పాను. ఆ మూడు రోజుల్లో పిల్లలకి ఒకరి పాటలు ఒకరికొచ్చేశాయి, ఒకరి కలలు ఒకరికొచ్చేశాయి, చివరికి ఒకడికి జ్వరమొస్తే అవతలి దేశంవాడు మందు మింగితే తగ్గిపోయింది. నిజం, నీ మీద ఒట్టు."

"నా మీద వద్దు, నీ మీదే వేసుకో," అన్నాడు కండక్టరు.

పంతులమ్మకి నవ్వు రాలేదు. లేచి ఇంకో వీధి చూడాలనుకుంది గానీ కాళ్ళు మాట వినలేదు.

"మేం దిగేసరికి," బాబాయి గొంతు పెంచాడు, "రెండు దేశాల పెద్దలూ కింద దండలు పట్టుకుని ఉన్నారు. యుద్ధం అక్కడికక్కడే ఆపేశారు. తర్వాత మళ్ళీ మొదలెట్టారంటే అది నేను రిటైరయ్యాక. ఈరోజుకీ అవతలి దేశంలో ప్రతి ఇంట్లో నా ఫొటో ఉంటుంది. అర్ధరాత్రి ఏ తలుపు తట్టినా సరే, మా బాబాయి వచ్చాడని లోపలికి లాక్కెళ్ళి, వాళ్ళు నేలమీద పడుకుని నాకు మంచం వేస్తారు."

పంతులమ్మ గ్లాసు కింద పెట్టింది.

"బాబాయిగారూ, ఆ దేశం పిల్లే నా దగ్గరుంది. మధ్యాహ్నం నుంచీ ఒక్క తలుపూ తెరుచుకోలేదు. వారం రోజులు మీ ఇంట్లో ఉంచుకుంటారా?"

బాబాయి కాలు మీది కాలు దించాడు.

"అంటే అమ్మా, ఇల్లు చిన్నది. చుట్టుపక్కలవాళ్ళు ఏమంటారో. అందులోనూ రోజులు బాలేవు."

"మాటలు కోటలు దాటతాయి, కాలు గడప దాటదు," అన్నాడు కండక్టరు మెల్లగా.

పిన్ని చేతులు తుడుచుకుంటూ ఇవతలికొచ్చింది.

"ఈయన సరిహద్దు మొహం చూడలేదమ్మా. పిల్లల బస్సు వేరేవాళ్ళు తోలారు. ఈయన వాళ్ళ సామాన్ల వ్యాను తోలాడు, స్టేషను నుంచి హాస్టలుకి. ఎండన పడి పెట్టెలు దించుతుంటే ఆ దేశం పిల్ల ఒకతి జాలిపడి మంచినీళ్ళు ఇచ్చిందట. శత్రువుల చేతి నీళ్ళంటూ ఆ పిల్ల ఎదుటే నేల మీద పారబోశాడు. ఇంటికొచ్చి అదీ గొప్పే అన్నట్టు చెప్పాడు నాకు. ఈ బస్సు కథ తర్వాత పుట్టింది."

బాబాయి తల ఎత్తలేదు. పంతులమ్మకి ఆయన్ని చూస్తే కోపం రావలసింది, జాలి వేసింది.

"మీరు వెళ్ళి పిల్లని తీసుకురండమ్మా," అంది పిన్ని. "నా పక్కన పడుకుంటుంది. చుట్టుపక్కలవాళ్ళ సంగతి నేను చూసుకుంటాను." తర్వాత మొగుడి వైపు తిరిగింది. "ఏమయ్యా, ఈ పిల్ల నీళ్ళిస్తే ఏం చేస్తావు?"

మెకానిక్కూ కండక్టరూ ఇంకో కోత వస్తుందని చూశారు.

"తాగుతాను," అన్నాడు బాబాయి.