మళ్ళీ మొదటినుంచీ కెమిస్ట్రీ

నెబ్రాస్కాలో ఓ చిన్న ఊరి కాలేజీ ముందు మార్నీ కారు ఆపింది. పక్క సీట్లో పదిహేడేళ్ల కూతురు హాలిస్. ఇంకా హైస్కూలు పిల్లే అయినా, సాయంత్రాలు ఇక్కడ జరిగే కాలేజీ కెమిస్ట్రీ క్లాసుకి ఆమెను దింపేది మార్నీయే.

"దిగవేం? టైమవుతోంది."

"నువ్వు ఇంజను ఆపావేంటమ్మా?"

"నేనూ దిగుతున్నా. వెనక సీట్లో ఆ సంచీ ఇలా అందివ్వు."

"ఇందులో... ఇవి ల్యాబ్ కళ్లద్దాలు కదా. ఎవరివి?"

"నావే. కెమిస్ట్రీలో చేరాను."

"కెమిస్ట్రీలోనా! ఏ క్లాసులో?"

"సాయంత్రం పూట ఉన్నది ఒక్కటేగా. నీ క్లాసే."

"కుదరదు. అస్సలు కుదరదు. హైస్కూల్లోనే కాలేజీ కెమిస్ట్రీ చదివేశా, ఎ గ్రేడొచ్చిందీ అని పొద్దస్తమానం చెబుతావుగా! మళ్ళీ ఎందుకు?"

"ఆ క్రెడిట్లు డిగ్రీకి పనికొచ్చాయి. మెడికల్ కాలేజీలకి పనికిరావట. ఫోన్లు చేశా. ఒకళ్ళు హైస్కూల్లో చదివింది చెల్లదన్నారు. ఇంకొకళ్ళు ల్యాబ్ ఏదన్నారు. మూడోవాళ్ళు మరీ పాతబడిందన్నారు."

"మెడికల్ కాలేజీలా? నువ్వా?"

"నేనే. నవ్వితే నవ్వు."

"నవ్వట్లేదు. నువ్వు చేసిన ఆ ఆన్‌లైన్ డిగ్రీ ఆస్పత్రిలో ప్రమోషన్ కోసమన్నావుగా?"

"అప్పుడు అలాగే అనుకున్నా. పద, దిగు."

"ఇవాళ క్లాసు లేదేమోనమ్మా."

"ఉంది. అదిగో, పిల్లలు వెళ్తున్నారుగా."

"ఆ మేష్టారు చెప్పేది ఒక్క ముక్కా అర్థం కాదు."

"బాగా చెప్తాడన్నావు!"

"మొదట్లో చెప్పాడు. ఇప్పుడు... వచ్చే ఏడాది చేరొచ్చుగా? ఏం మునిగిపోయింది?"

"ఏంటే ఈ గొడవ? నీ పక్కన కూచోనులే. తలుపు దగ్గర కూచుంటా. నువ్వెవరో తెలీనట్టే ఉంటా."

"అది కాదమ్మా."

"అదే. ముప్పై ఆరేళ్ల ఆడది, ఆస్పత్రిలో పరీక్షలకి రక్తం తీసే పని చేసుకుని బతికేది, వచ్చి కూతురి క్లాసులో కూర్చుంటే నీకు తలవంపులు."

"కాదన్నానా! అసలు... అసలు ఆ క్లాసు నిండిపోయిందిగా. నీకు సీటెలా ఇచ్చారు?"

"మాట మార్చకు."

"చెప్పమ్మా."

"పోయిన వారం ఎవరో మానేశారట. పాపం, ఏ పిల్లో. ఆఫీసావిడ వెంటనే నాకు ఫోన్ చేసింది... ఏంటే అలా చూస్తావు? హాలిస్? ఎవరే ఆ పిల్ల?"

"నేనే."

"నువ్వా! మరి మొన్న దింపానుగా? ఎక్కడికెళ్ళావు?"

"లైబ్రరీలో కూచున్నా. నీకెలా చెప్పాలో తెలీక."

"కష్టంగా ఉందా? నేను చెప్తానుగా. ఇద్దరం కలిసి చదివితే..."

"కష్టం కాదు. ఇష్టం లేదు. రక్తం చూస్తేనే నాకు కళ్ళు తిరుగుతాయి! హాలిస్ డాక్టరవుతుంది, హాలిస్ డాక్టరవుతుంది అని కనిపించిన వాళ్ళందరికీ చెప్పావు. వినీ వినీ నేనూ నమ్మేశా."

"నీకోసమనేగా..."

"నిజం చెప్పు. ఆ కాలేజీలకి ఫోన్ చేసింది ఎవరికోసం?"

"ఒట్టు, నీకోసమే. హైస్కూల్లో చదివేది నీకు చెల్లుతుందో లేదోనని."

"మరి?"

"ఎవరి గురించి అడుగుతున్నారంది ఆ మెడికల్ కాలేజీ ఆవిడ. నీ పేరు చెబుదామనే నోరు తెరిచానే... నా పేరొచ్చింది."