గుమ్మం దగ్గర ఆగిన పెన్‌డ్రైవ్

1993 జూలై 12న మన ఆసుపత్రి రికార్డుల విభాగంలో టైపిస్టుగా ప్రవేశించి, స్వయంకృషితో కంప్యూటర్ విద్యను అభ్యసించి, క్రమంగా కంప్యూటర్ విభాగానికే అధిపతిగా ఎదిగిన మా మేడం గారు ఈ నెలాఖరున పదవీ విరమణ చేస్తున్నారు. వారి పక్క బల్ల దగ్గర పనిచేసినవాణ్ని కనుక ఈ వీడ్కోలు సంచికలో నాలుగు మాటలు రాసే భాగ్యం నాకు దక్కింది.

పెన్‌డ్రైవులు అందరి జేబుల్లోకీ చేరిన తొలిరోజుల్లో, ఎవరో తెచ్చినదాంట్లోని వైరస్ వల్ల వార్డుల కంప్యూటర్లన్నీ మూలపడ్డాయి. నాటినుండి మేడం గారు ఆసుపత్రి నెట్‌వర్క్‌తో సంబంధంలేని ఒక కంప్యూటర్‌ను తమ గదిలో ప్రత్యేకించి, బయటి పెన్‌డ్రైవ్ ఏదైనా అక్కడ యాంటీవైరస్ తనిఖీ పూర్తయ్యాకే లోపలికి వెళ్లాలని నియమం పెట్టారు. పెద్ద డాక్టరు గారికీ మినహాయింపు లేదు. తెచ్చిన ప్రతిదానికీ వంక పెడతారని మనమంతా చాటుగా వారిని 'అత్తగారు' అనుకున్న మాట ఇప్పుడు దాచడమెందుకు?

ఒకనాడు ఆ నియమం వారి ఇంటిమీదికే వచ్చింది. వారి మాతృమూర్తిని అత్యవసర శస్త్రచికిత్సకు మన దగ్గరికే తెచ్చారు. వేరేచోట తీసిన స్కానింగ్ చిత్రాలున్న పెన్‌డ్రైవ్ పట్టుకొని తమ్ముడు గారు పరుగున వచ్చారు.

"అక్కా, లోపలున్నది అమ్మ! ఈ ఒక్కసారికి నేరుగా పెట్టెయ్యి."

"లోపల ఇంకా ఎంతమంది అమ్మలున్నార్రా," అన్నారు మేడం గారు. పెన్‌డ్రైవ్ అందుకొని తనిఖీకి పెట్టారు.

తనిఖీలో వైరస్ బయటపడింది. శుభ్రం చేసేదాకా ఆగే వ్యవధి లేదు. వెంటనే సర్జన్ గారికి ఫోన్ చేసి, "ఇది పైకి రాకూడదు సార్, దయచేసి మీరే కిందికి రండి," అన్నారు. ఆయన వచ్చి, ఆ విడి కంప్యూటర్‌లోనే చిత్రాలు చూసుకొని థియేటర్‌కు వెళ్లారు. అమ్మగారు కోలుకున్నారు. తమ్ముడు గారు మాత్రం ఏళ్ల తరబడి అక్కగారితో మాట్లాడలేదు, అమ్మగారుండే తమ ఇంటి గడప తొక్కనివ్వలేదు. మేడం గారు ఆ బాధను ఎవరితోనూ చెప్పుకోలేదు. మధ్యాహ్నం క్యారియర్ మూత తీసి, తినడం మరచి అలాగే కూర్చునేవారు.

ఈ సంచికకు కుటుంబ ఫోటోలు కావాలని నేను కబురు పెడితే, గత వారం తమ్ముడు గారే స్వయంగా పెన్‌డ్రైవ్ తెచ్చారు. నేను చేయి చాచినా ఇవ్వలేదు. తిన్నగా ఆ విడి కంప్యూటర్ దగ్గరికి నడిచి, "ముందు నువ్వు చూడక్కా," అన్నారు. మేడం గారు కళ్లజోడు తీసి చాలాసేపు తుడుచుకున్నారు.

ఇకమీదట వారు తమ్ముడి గుమ్మంలో క్షణమైనా ఆగకుండా నేరుగా లోపలికి వెళ్లి, అమ్మగారి పక్కన తీరికగా కూర్చుంటూ, ఆయురారోగ్యాలతో నిండు నూరేళ్లు వర్ధిల్లాలని మనసారా కోరుకుంటున్నాను.