పెట్టని మందు

బుల్లెయ్యని ఒకాయన ఉన్నాడంట. డెబ్బై దాటినా గట్టి మనిషే, ఏవైందంటే, అన్నం తిన్న అరగంటకల్లా కడుపులో మెలిపెట్టే నొప్పంట. తినకపోతే హాయి, తింటే నరకం. ఇదేం రోగంరా నాయనా అని బుర్ర గోక్కునేవాడు. భయానికి తిండి తగ్గించి చీపురుపుల్లయిపోయాడు. నవ్వకండర్రా, మీకొస్తే తెలుస్తది. వాళ్ళక్క నూకాలమ్మొచ్చి, ఇంకేవుంది, కోడలు కూట్లో మందు పెట్టిందిరా అందంట. కోడలు వరాలు, ఆయన్ని కన్నతండ్రిలా చూసుకునే పిల్ల, నీ మీదొట్టు మావయ్యా, నేనేం పెట్టలేదని లబోదిబోమంది. బుల్లెయ్యకి నమ్మాలో మానాలో తెలీలేదు.

మందు కక్కించేవాణ్ణి పిలిచారు. వాడు ఏదో పసరు పోసి కక్కించి, రెండ్రోజులు గంజినీళ్ళే అన్నాడంట. రెండ్రోజులూ నొప్పి లేదు! చూశావా, పోయింది మందు అంది నూకాలమ్మ. మూడోనాడు చేపల పులుసుతో కడుపునిండా తిన్నాడనుకో, మళ్ళీ మొదలు. మళ్ళీ పెట్టిందిరోయ్! ఇకమీదట వాడి కంచంలో మొదటి ముద్ద నువ్వు తిను, ఈసారి నొప్పొచ్చిందా, పుట్టింటికి ఫో అని వరాలు మీద పడింది నూకాలమ్మ. వరాలు తినేది, ఏం కాలేదు. ఆయన తినేవాడు, నొప్పొచ్చేది. ఒకే కంచం కదే అక్కా అంటే, దానికి విరుగుడు తెలుసురా అందంట. అదీ తెలివి! 

నూకాలమ్మ మూట కట్టమనేలోపు వరాలే ఆయన్ని ఆటో ఎక్కించి పట్నం ఆసుపత్రికి తీసుకుపోయింది. డాక్టరమ్మ, ఏం మందులు పెట్టారమ్మా ఇంతవరకూ అనడిగిందంట. అంతే, నేనే మందూ పెట్టలేదమ్మా అని ఈ పిల్ల కాళ్ళ మీద పడింది! డాక్టరమ్మ తెల్లబోయి, లేపి, అంతా విని, ఆయన దగ్గర చుట్టకంపు పసిగట్టి, తాతా, చుట్టలెన్నేళ్ళు అంది. యాభై ఏళ్ళమ్మా. ఫొటోలు తీయించి చెప్పిందీ, పేగులకి నెత్తురు పట్టుకెళ్ళే గొట్టం కాలవలా పూడిపోయింది, తిన్నాక పేగులకి నెత్తురు ఎక్కువ కావాలి, అదందక నొప్పి. గంజితో ఎందుకు రాలేదంటావా, ఆ రెండ్రోజులూ నువ్వు తిన్నదేముంది? ఎవరూ ఏం పెట్టలేదు తాతా, చుట్ట నోట్లో పెట్టుకుంది నువ్వే అందంట.

గొట్టంలోకి సన్న తీగ పంపి వెడల్పు చేశారు. చుట్ట మానేశాడు, నొప్పి పోయింది. ఇంటికొచ్చి కంచం ముందు కూచున్నాడు. వరాలు వడ్డించి, మొదటి ముద్ద తను తీసుకుని నోట్లో పెట్టుకుందంట. ఇంకెందుకే తల్లీ అన్నాడు. అలవాటైపోయింది మావయ్యా అంది. ముసలాడు ముద్ద పట్టుకుని ఏడ్చేశాడు. ఇప్పటికీ అలాగే తింటదంట. దానికి మాత్రం ఏ డాక్టరమ్మ దగ్గరికెళ్ళాలో, నన్నడక్కండి.